గోడెత్తు

పెనుగాలి వీచిన మర్నాడు ఉదయం, ఖాళీ డ్రమ్ములు నిలవచేసే యార్డులో యజమాని, మేస్త్రీ ప్రహరీ పక్కన నిలబడి ఉన్నారు.

“చూశావా మేస్త్రీ, ఒక్క డ్రమ్ము కూడా గోడ దాటలేదు!”

“ఎలా దాటుతాయి సార్? ఇప్పుడు దొంతర గోడకన్నా కిందే ఉందిగా.”

“పోయిన నెల ఎవరో ఫిర్యాదు చేస్తే మున్సిపల్ ఆఫీసువాళ్లొచ్చి, ఆరుబయట సరుకు గోడెత్తు మించకూడదు, దించమంటే ఎంత తిట్టుకున్నానో! పాత దొంతరే ఉంటే రాత్రికి రాత్రి అన్నీ రోడ్డు మీద పడేవి. అవతల బస్టాపు కూడా ఉంది. ఆ ఫిర్యాదు చేసిన మహానుభావుడెవరో తెలిస్తే కాళ్లకు దండం పెడతాను.”

“వద్దు సార్. మీరు నాకన్నా పెద్దవారు.”

“అంటే... నువ్వా?”

“మీకు మూడుసార్లు చెప్పాను. నీ పని నువ్వు చూసుకో అన్నారు. పేర్చింది నా చేతులు సార్, నిద్ర పట్టేది కాదు.”

“పనిలోంచి తీసేస్తానని భయం వెయ్యలేదా?”

“ఇందాకటిదాకా వేస్తూనే ఉంది.”

“వెళ్లి ఎర్రరంగు డబ్బా పట్టుకురా. ఈ గోడ మీద గీత నువ్వే గియ్యి. దానిపైన ఒక్క డ్రమ్ము పెట్టమని నేను చెప్పినా సరే, వినకు.”

“గోడ అంచుకు జానెడు కిందే గీస్తాను సార్. మీ సంగతి నాకు తెలుసుగా.”