తొలకరికి ముందే: శ్రీ మద్దిలేటి రెడ్డి గారి ఎదురుచూపు

1928 జూన్ 11వ తేదీన వేంపల్లె పశువైద్యశాలలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించిన శ్రీ యర్రగుడి మద్దిలేటి రెడ్డి గారు, ఈ 1958 సెప్టెంబరు 30న, రాయచోటి సమీపంలోని మన గొర్రెల పరిశోధన కేంద్రం నుంచి పదవీ విరమణ చేస్తున్నారు. ఆ రెండు తేదీల నడుమ ఆయన గడిపిన జీవితాన్ని చూస్తే, అందులో అధిక భాగం నిరీక్షణగానే కనిపిస్తుంది.

కోయిలకుంట్ల ప్రాంతపు రైతు కుటుంబంలో జన్మించిన రెడ్డి గారు, మద్రాసులో పశువైద్య విద్య ముగించి, తొలి పదేళ్లు వేంపల్లెలోనూ కర్నూలులోనూ వైద్యులుగా పనిచేశారు. మన మెట్ట ప్రాంతంలో గొర్రె సాధారణంగా తొలకరి పడిన తరువాతనే ఎదకు వస్తుంది, ఐదు నెలలకు చలికాలంలో ఈనుతుంది, పిల్ల పాలు మాని గడ్డికి నోరు పెట్టే వేళకు నేల మీద గడ్డి ఉండదు. ఏటా వేసవిలో రాలిపోయే పిల్లలను అందరూ చూసేవారు. తల్లి ఎదను తొలకరికి ముందుకు తేగలమా అన్న ప్రశ్న మాత్రం ఆయనను వదలలేదు.

ఆ ప్రశ్నతోనే ఆయన మద్రాసు ప్రయోగశాలలో చేరి, ఏళ్ల తరబడి సూక్ష్మదర్శిని కింద గొర్రెల అండాశయాలను పరిశీలించారు. మేత చాలని తల్లిలో అండం పక్వానికి రాకుండానే నిలిచిపోతున్నదని గమనించారు. 1952లో, మన పల్లెల్లో గంజి కేంద్రాలు నడుస్తున్న కాలంలో, తామే కోరుకుని రాయచోటికి బదిలీ అయ్యారు. "అందరూ కరువని మద్రాసుకు పోతాంటే, ఈయప్ప మద్రాసు నుంచి కరువును ఎతుక్కుంటా వచ్చినాడు" అని వారి సతీమణి కృష్ణవేణమ్మ గారు నేటికీ నవ్వుతూ అంటారు.

ఇక్కడ ఆయన పద్ధతి సరళమైనది. ఎండాకాలంలో సగం గొర్రెలకు మేతతోపాటు ఉడికిన ఉలవలు పెట్టించేవారు. దాటడానికి వీలులేకుండా కడుపు కింద గోనెపట్ట కట్టి, రొమ్ముకు జాజు అనే ఎర్రమన్ను పూసిన పొట్టేలును మందలోకి వదిలేవారు. తెల్లవారేసరికి వీపున ఎర్రని మరక ఉన్న గొర్రె ఎదకు వచ్చినట్లు లెక్క; దానిని వేరుచేసి, గోనెపట్ట లేని మరో పొట్టేలుతో దాటించేవారు.

1955 వేసవిలో ఒక ఉదయం ఆయన దొడ్డికి వెళ్లేసరికి మంద మొత్తం ఎర్రగా ఉంది.

"ఏమప్పా కంబన్నా, ఒక్క రేత్రికే అన్నీ ఎదకొచ్చినాయా?" అని మందను చూసే కంబన్నను అడిగారు.

కంబన్న తల వంచుకున్నాడు. అతని భార్య ఈరక్క ముందుకు వచ్చింది. "నేనే పూసినా సామీ. సుంకులమ్మ జాతర కదా, మందకు జాజు పూయకుంటే తెగులొస్తాది. నువ్వు రోజూ రెండు మూడిటికే పూస్తాంటివి. మిగిలినవి ఏం పాపం జేసినాయి? ఆముదం కలిపి పూసినా, నెలైనా పోదు."

"శానా మంచి పని చేసినావు ఈరక్కా. అమ్మ చల్లగా చూస్తాది. నా కండ్లకే ఏమీ కనపడదు."

ఆ ఏడాది ప్రయోగం అంతటితో ముగిసింది. ఆయన ఈరక్కను మందలించలేదు, పైవారికి పంపిన నివేదికలో ఆమె పేరు రానివ్వలేదు. మరుసటి వేసవి నుంచి జాజును అమ్మవారికి వదిలి, పొట్టేలుకు నీలిమందు పూయించారు.

వరుసగా మూడేళ్లు ఫలితం కనిపిస్తేనే రైతుకు చెప్పాలన్నది ఆయన తమకు తాము విధించుకున్న నియమం. 1956లో, 1957లో ఉలవలు తిన్న గొర్రెలు తొలకరికి ముందే చూలు కట్టి, పచ్చిక ఉన్న కాలంలో ఈనాయి. ఈ మూడో ఏడు మే నెలాఖరున చూలు కట్టినవి అక్టోబరు చివర ఈనవలసి ఉంది. జాతర జాజుతో 1955 వేసవి పోకుండా ఉంటే పని నిరుడే పూర్తయ్యేది. ఒక నెల పొడిగింపు కోరుతూ ఆయన చేసుకున్న మనవిని ప్రభుత్వం అంగీకరించలేదు.

మొన్న సాయంకాలం దొడ్డిలో ఒక గొర్రె కడుపు కింద అరచేయి ఆనించి, లోపలి కదలిక తెలిసేదాకా ఆయన చాలాసేపు అలాగే కూర్చున్నారు. ముప్పై ఏళ్లు ఎదురుచూసిన మనసుకు ఫలితం కాగితం మీద అందితే చాలదు, అది కళ్లు తెరిచే క్షణాన పక్కన ఉండాలనిపిస్తుంది. ఆ కోరికను ఆయన ఎవరితోనూ అనలేదు. దాచుకోవడమూ చేతకాలేదు.

"ఇంగొక నెల ఉండరాదా సామీ?" అన్నాడు కంబన్న.

"సర్కారుకు తేదీ అంటే తేదీ. గొర్రెకు ఐదు నెలలంటే ఐదు నెలలు. నడుమ నేనేం చేసేది?"

"క్వార్టరు కదా వాళ్లది. కొట్టం నాది. మంచం ఏస్తా, వచ్చి పండుకో."

రెడ్డి గారు నవ్వి, గొర్రె వీపు నిమిరి లేచారు.

ఈ సభాముఖంగా సహోద్యోగులందరి పక్షాన ఆయనకు మా అభినందనలు. కృష్ణవేణమ్మ గారితో కలసి కోయిలకుంట్లలో ఆయన నిండు ఆరోగ్యంతో, నిశ్చింతగా, సుదీర్ఘకాలం జీవించాలని మనసారా కోరుకుంటున్నాము. అన్నింటికంటే ముందు, వచ్చే నెలాఖరున రాయచోటి బస్సు గతుకులను ఓర్చుకునే నడుమునూ, అడగకుండానే కంబన్న కొట్టంలో ఆ మంచం మీద వచ్చి కూర్చునే చనువునూ దైవం ఆయనకు ప్రసాదించుగాక.