పదకొండు వారాలుగా అదే ఎత్తు

విస్కాన్సిన్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం. కింద బేస్‌మెంట్‌లో తలా ఒక పాత్రగా మారి రాక్షసులతో పోరాడే పాచికల ఆటను సగంలో ఆపి, అందులో కథ నడిపే మార్నీ తన భర్త ఎవరెట్‌ను వంటింట్లోకి లాక్కొచ్చింది.

"తలుపు వెయ్యి ఎవరెట్. గట్టిగా కాదు! కిందికి వినిపిస్తుంది."

"ఏంటి, ఐదు నిమిషాలు ఆగుదామన్నది ముద్దు కోసమా? పెళ్లయి ఐదు వారాలేగా, ఎవరూ ఏమీ అనుకోర్లే."

"ముద్దు కాదు. నా చేతులు పట్టుకుని చూడు."

"అబ్బ, మంచుముక్కల్లా ఉన్నాయేంటి! ఇటివ్వు, పొయ్యి మీది ఈ చిల్లీ కూర గిన్నెకి ఆనించు. ఇప్పుడు చెప్పు, ఏమైంది?"

"మీ అక్కని చంపేశాను."

"ఆఁ?"

"సిగ్రిడ్‌ని కాదు! ఫెర్న్‌ని. ఆటలో మీ అక్క ఆడుతుందే, ఆ వైద్యురాలిని."

"దేవుడా! అలా చెప్తారా ఎవరైనా? ఆగు ఆగు. ఫెర్న్ ఎలా చస్తుంది? అది వెనకాల మూలలో దాక్కుంది. గుమ్మంలో నా వీరుడు డాలు పట్టుకుని..."

"ఆ గుమ్మమే! నా ప్రాణం తీస్తున్నది ఆ గుమ్మమే. గుహ ఇచ్చినా, కోట ఇచ్చినా, మునిగిపోతున్న పడవ ఇచ్చినా, నువ్వు గుమ్మంలో డాలు అడ్డం పెడతావు. నీ స్నేహితుడు లోనీ నీ భుజం మీంచి బాణాలేస్తాడు. ఫెర్న్ వెనక మూలలో. పదకొండు వారాలు, ఎవరెట్! నా రాక్షసులు క్యూలో నిలబడి, వరసగా వచ్చి చచ్చిపోతున్నారు. వాళ్లకి నేను ఎంత చక్కటి పేర్లు పెట్టానో తెలుసా?"

"గెలిచే ఎత్తుని ఎవడు మార్చుకుంటాడు?"

"మీరు మార్చరనే నేను మార్చాను. మూడు వారాల క్రితం ఒక బుడ్డ రాక్షసుడు పారిపోయాడు, గుర్తుందా?"

"కుంటుకుంటూ పోయాడు, వాడేనా? లోనీ పోనీలే అని వదిలేశాడు."

"వాడు ఇంటికెళ్లి చెప్పడూ, ఈ మనుషులు ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడతారని? ఆ ఆలోచన వచ్చినప్పుడు స్నానం చేస్తున్నాను, ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను! అప్పట్నుంచీ వాళ్లు వెనక గోడ తవ్వుతున్నారు. ఇవాళ పగిలింది."

"ఎక్కడ పగిలింది?"

"ఫెర్న్ వెనక."

"మార్నీ..."

"భయపెడదామనుకున్నానంతే! చిన్న గీత పడితే మీరంతా వెనక్కి తిరుగుతారని. నా ముందున్న అట్ట చాటున ఇరవై ముఖాల పాచిక వేశాను. ఇరవై పడింది. దెబ్బ ఎంతో చూద్దామని మళ్లీ వేశాను. పందొమ్మిది. ఫెర్న్‌కి మిగిలిన ప్రాణం నాలుగు పాయింట్లు."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు. అందుకే ఐదు నిమిషాలు ఆగుదామన్నాను."

"అయితే చెప్పకు. మూడు పడిందని చెప్పు. భుజం మీద గీసుకుందని చెప్పు. ఆ అట్ట ఉన్నది ఎందుకు మరి?"

"అబద్ధమా? మొదటి రోజే మీ అందరి ముందూ ఒట్టేశాను, పాచిక మీద అబద్ధం చెప్పనని. అదే పోతే ఇక నా కథ ఎవరు నమ్ముతారు? ఎవరెట్, నీ మొహం అలా పాలిపోయిందేంటి? ఆటేగా?"

"మూడని చెప్పు. కిందికి పద."

"నా వైపు చూసి మాట్లాడు."

"చిల్లీ అడుగంటుతోంది..."

"అంటనీ! ఎవరెట్!"

"గురువారం సిగ్రిడ్‌కి ఆపరేషన్. గుండెకి. లోపల వాల్వ్ మార్చాలట."

"ఏ గురువారం?"

"ఈ గురువారమే. పెళ్లికి ముందు నీకు చెప్పొద్దంది, నీ సంబరం పాడవుతుందని. పెళ్లయ్యాక చెబుదామంటే, నువ్వు టోస్టరు చూసినా నవ్వుతావు, కిటికీ మీద పిట్ట వాలినా నవ్వుతావు. ఏ రోజు చెప్పాలో తెలీలేదు."

"అయ్యో ఎవరెట్."

"నేనూ లోనీ ఒక మాట అనుకున్నాం. ఆపరేషన్ అయ్యేదాకా ఫెర్న్ మీద ఈగ కూడా వాలకూడదని. పిచ్చే, నాకూ తెలుసు. కానీ ఇరవై పడిందన్నావు చూడు, నాకు గురువారమే కళ్లముందు కనిపించింది."

"అంటే ఆ గుమ్మం..."

"గెలవడానికి కాదు."

"మీకు వేరే ఎత్తు రాదనుకున్నాను. లోనీకి ఫోన్ చేసి వెక్కిరించాను కూడా! ఇప్పుడేం చెయ్యను? నిజం చెప్తే నాలుగు రోజుల ముందు ఆవిడ మొహం మీదే చావు అనాలి. అబద్ధం చెప్తే... ఉష్! మెట్ల మీద ఎవరో."

"కళ్లు తుడుచుకో. గరిటె పట్టుకో. తిప్పు, తిప్పు."

"ఏమ్మా కొత్త పెళ్లికూతురా, మీ ఐదు నిమిషాలు పావుగంటయింది. కింద లోనీ చీజ్ ముక్కలన్నీ నున్నగా ఊడ్చేస్తున్నాడు."

"వచ్చేస్తున్నాం సిగ్రిడ్! ఈ చిల్లీ కాస్త..."

"నీకు అబద్ధం చేతకాదు ఎవరెట్, ఏడేళ్లప్పుడూ చేతకాలేదు. మార్నీ, నువ్వు చెప్పు. ముందు ఇరవై, తర్వాత పందొమ్మిది. అవునా?"

"మీకెలా తెలుసు?"

"అట్ట నీ ముందుంది. నీ వెనక గాజు బీరువా ఉంది. మొదటి వారం నుంచీ నీ పాచికలన్నీ ఆ అద్దంలో చూస్తూనే ఉన్నాను."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కసారి కూడా నువ్వు మార్చి చెప్పలేదు. నా చుట్టూ ఈ మధ్య అలాంటి మనిషివి నువ్వొక్కదానివే."

"సిగ్రిడ్, నాకు తెలీదు, ఒట్టు. మూడని చెప్తాను. గురువారం అయ్యాక..."

"ఓహో. చెప్పేశాడన్నమాట."

"నీ మంచికేగా సిగ్రిడ్, మేమంతా నీ ముందు..."

"ముందే, ఎవరెట్! అందరూ ముందే. నాకు కనిపించేవి మీ వీపులు. ఆసుపత్రికి నువ్వు దింపుతావు, లోనీ భార్య వంట పంపిస్తుంది, కుక్కని చూడ్డానికి మనిషిని కూడా పెట్టారు. ఒక్కడైనా ఇటు తిరిగి, నీకెలా ఉందే అని అడిగాడా?"

"అడిగితే ఏడుస్తావని..."

"ఏడుస్తాను. అయితే?"

"నాకు భయమేసింది సిగ్రిడ్."

"నీకేనా? రాత్రిళ్లు పడుకుని నా గుండె నేనే లెక్కపెట్టుకుంటున్నాను. మార్నీ, కిందికి పద. పడింది పడినట్టు చెప్పు."

"చెప్పలేను. మిమ్మల్ని చూస్తూ చెప్పలేను."

"నువ్వు చెప్తేనే నాకూ నోరొస్తుంది. ఫెర్న్ చచ్చిందంటే అందరూ వెనక్కి తిరుగుతారు, అప్పుడు చెబుదామనుకున్నాను."

"ఏం చెబుదామని? సిగ్రిడ్, ఏం చెబుదామని?"

"గురువారం ఏమీ లేదు ఎవరెట్. మొన్న శుక్రవారమే ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆపరేషన్ వద్దని చెప్పేశాను."