కాళమ్మ ఇంటి కిటికీ, మరో రెండు వందల పదమూడు

2024 ఆగస్టు 7, బుధవారం. ఉదయం 8 గంటల 40 నిమిషాలకు నేను వెళ్ళేసరికి మా ఆఫీసు తలుపు తీసి ఉంది. రోజూ తాళం తీసేది నేనే. లోపల యజమాని వీరేంద్ర గారు, మరో ఇద్దరు నా కంప్యూటర్ చుట్టూ నిలబడి ఉన్నారు. చేరినప్పటి నుంచి అంతమందిని ఆ గదిలో ఒక్కసారిగా చూడటం ఇదే మొదలు.

నా పేరు ఫేబే. తండ్రి పేరు యిర్మియా. వయసు ఇరవై. మాది అండమాన్‌లోని మాయాబందర్. బిల్డింగ్ డ్రాయింగ్ డిప్లొమా ఆఖరి సంవత్సరం. శిక్షణ కోసం జూన్ 10న పోర్ట్ బ్లెయిర్‌లోని ఈ డిజైన్ ఆఫీసులో చేరాను. హార్బరు అవతల బాంబూఫ్లాట్‌లో అద్దె గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను.

నా పని లైబ్రరీ చూడటం. తలుపులు, కిటికీలు, బీరువాలు ఒక్కొక్కటి ఒకసారి గీసి కంప్యూటర్‌లో దాచి ఉంచుతారు. ఏ డ్రాయింగుకు కావాలన్నా అక్కడి నుంచే వస్తాయి. డ్రాయింగులో తలుపు ఉండదు. తలుపు ఉండవలసిన చోటు మాత్రమే ఉంటుంది. లైబ్రరీలోంచి తీసేస్తే ఆ చోటు ఖాళీగా మిగులుతుంది.

ఆగస్టు 5, సోమవారం ఉదయం 10 గంటలకు వీరేంద్ర గారు సైట్‌కు వెళ్తూ, "ఎక్కడా వాడని సామానంతా పీకెయ్. సిస్టమ్ హల్కా అవ్వాలి, బరువు తగ్గాలి" అన్నారు. ఆ రోజు నాతో ఎవరైనా అన్న మాట అదొక్కటే. ఆఫీసులో ఉన్న ముప్పై ఒక్క డ్రాయింగులూ తెరిచి చూశాను. వాటిలో ఎక్కడా వాడనివి రెండు వందల పద్నాలుగు తేలాయి. మధ్యాహ్నం 3 గంటలకు వాటిని తీసేశాను. కంప్యూటర్‌లోని చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాను. పని సగంలో వదలడం నాకు అలవాటు లేదు.

మా ఆఫీసులోనే పనిచేసే మణికుమార్ గారు ల్యాప్‌టాప్‌లో ఒక లాడ్జి డ్రాయింగు పెట్టుకుని ఆగస్టు 2న డిగ్లీపూర్ వెళ్ళారు. ఆ డ్రాయింగు ఆఫీసు కంప్యూటర్‌లో లేదు, దాని తలుపులూ కిటికీలూ మాత్రం నెట్ ద్వారా మా లైబ్రరీ నుంచే వస్తాయి. ఆఫీసులో లేదు కాబట్టి నా లెక్కలోకి రాలేదు. ఆయన్ని అడగవలసింది. అడగలేదు. ఎనిమిది వారాలైనా ఆయన నంబరు నా దగ్గర లేదు.

నిన్న సాయంత్రం ఆయన లాడ్జి యజమాని ముందు డ్రాయింగు తెరిస్తే ఇరవై గదుల్లో ఒక్క తలుపు లేదు, ఒక్క కిటికీ లేదు. రేపు ఉదయం 11 గంటలకు మళ్ళీ చూపించాలి. చూపించకపోతే ఆ పని పోతుంది. నేను లైబ్రరీని వేరే ఆఫీసుకు అమ్ముకుని, ఇక్కడ చెరిపేశానని వీరేంద్ర గారి ఫిర్యాదు. "కాపీ ఎక్కడ ఉంది బోల్" అని నన్ను మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ లేదన్నాను. అది అబద్ధం.

కాపీ ఉంది. తీసేసే ముందు నా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను. ఏ ఫైలూ ఇంటికి పోకూడదని చేరిన రోజే చెప్పారు. తెలిసే తీసుకెళ్ళాను. ఎవరికీ అమ్మలేదు.

ఎందుకు తీసుకెళ్ళావని ఇక్కడ పోలీసు స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ కనకలక్ష్మి గారు అడిగారు. ఆ వస్తువులన్నీ గీసింది సత్యారావు గారు. నేను చేరకముందే ఉద్యోగం మానేశారు. ఆయన్ని నేను చూడలేదు. అందరూ నంబర్లు పెడతారు, ఆయన పేర్లు పెట్టారు. ఏ ఇంట్లో కొలత తీసుకుంటే ఆ ఇంటి పేరు. అప్పయ్య కొట్టు మడత తలుపు. గురునాథం మాస్టారి పుస్తకాల బీరువా. కాళమ్మ ఇంటి కిటికీ. దాని కింద ఒక మాట రాసి ఉంది: "కాళమ్మ పొట్టి. గడియ నాలుగడుగుల ఎత్తులో పెట్టాలి." వాటిని పూర్తిగా చెరిపేయడానికి నాకు చేతులు రాలేదు. సోమవారం, మంగళవారం సాయంత్రాలు గదిలో నా పాత ల్యాప్‌టాప్‌లో తెరిచి ఆ పేర్లు పైకి చదువుకున్నాను. మాయాబందర్‌లో మా చర్చిలో వచనాలు చదివినట్టు ఒక్కొక్కటి ఆగి చదివాను. గదిలో వేరే ఎవరూ మాట్లాడరు.

అంతా విని కనకలక్ష్మి గారు, "పాగల్ పిల్లా, ఈ మాట పొద్దున్నే చెప్పొచ్చు కదే" అన్నారు.

"అక్కడ అందరూ నిలబడి ఉన్నారు దీదీ" అన్నాను.

"ఇక్కడ నేను కుర్చీ వేసుకుని కూర్చున్నానని నాకు చెప్పావా?"

పెన్‌డ్రైవ్ గదిలో బియ్యం డబ్బా పక్కన ఉంది. అందులో రెండు వందల పదిహేను ఫైళ్ళు కనిపిస్తాయి. రెండు వందల పద్నాలుగు ఆఫీసువి. మిగిలిన ఒక్కటి నేను నిన్న నా గదిలో టేపు పెట్టి కొలిచి గీసినది. పేరు ఫేబే గది కిటికీ. కింద, "ఎడమ రెక్క తెరుచుకోదు. కుడి రెక్కలోంచి బోటు కనిపిస్తుంది" అని రాశాను. లెక్క తప్పిందని ఎవరూ అనుకోకూడదని చెబుతున్నాను. దాన్ని లైబ్రరీలో ఉంచుతారో తీసేస్తారో వీరేంద్ర గారి ఇష్టం.

కనకలక్ష్మి గారి ఇల్లు కూడా బాంబూఫ్లాట్‌లోనే. రేపు ఉదయం 6 గంటలకు మా గదికి వచ్చి, పెన్‌డ్రైవ్ తన చేతిలోకి తీసుకుని, నన్ను బోటులో చాతం రేవు మీదుగా ఆఫీసుకు తీసుకెళ్తానన్నారు. ఒక్కో వస్తువునూ పాత పేరుతో పాత చోటే పెట్టాలి. లేకపోతే డ్రాయింగు దాన్ని గుర్తుపట్టదు. 11 లోపు అవుతుంది. మొదట కాళమ్మ ఇంటి కిటికీ పెడతాను.

ఇది నేనే నా చేతితో తెలుగులో రాసి, పైకి చదివి వినిపించాను. ఉదయం నేను చెప్పిన అబద్ధంతో సహా ఇందులో ఉన్నదంతా జరిగింది. జరగనిది ఏదీ రాయలేదు.

(సంతకం) యి. ఫేబే
సాయంత్రం 6 గంటల 50 నిమిషాలు