మా చెల్లెలి వైపు గీత

మహమ్మారి కేసుల గ్రాఫు చదవడంలో నన్ను మించినవాడు లేడు. డాక్టర్లు కూడా నన్నడిగే మందు రాస్తారు. మా చెల్లెలి ఊరు మహమ్మారి వల్ల మూసేసిన వంతెనకు అవతల, అక్కడ మాకు పడని పార్టీ ఏలుబడి. రోజూ చెరో పేపరు పట్టుకుని ఫోన్లో పోట్లాడుకుంటాం.

"చూశావా అన్నయ్యా, మా గ్రాఫు గీత దిగింది! మీదింకా ఎక్కుతూనే ఉంది."

"మీవాళ్ళు పరీక్షలు చేయడం మానేశారే పిచ్చిమొహమా. లెక్కపెట్టకపోతే దిగక ఏం చేస్తుంది?"

"ఓర్వలేవు కదా!"

"ఆ దగ్గేమిటే?"

"పొలమారింది."

"నాలుగు రోజులుగానా? వెళ్ళి పరీక్ష చేయించుకో."

"నేను వెళ్తే మా లెక్క ఒకటి పెరుగుతుంది. నువ్వు నవ్వుతావు."

"నవ్వను. నాతో పోట్లాడ్డానికి నువ్వు తప్ప ఇంకెవరున్నారే? వెళ్ళు."

"సరేలే. వంతెన తెరిస్తే వస్తావా?"

"తెరిచిన రోజే వస్తా."

మర్నాడు పేపర్లో వాళ్ళ గీత ఒక్క చుక్క పైకి లేచింది. అది మా చెల్లెలేనని గుర్తుపట్టి, మాట ప్రకారం నవ్వకుండా పేపరు మడిచాను.

నిజానికి గ్రాఫు చదవడం నాకు నేర్పిందే ఆమె. ఇక ఆ చుక్కంటారా, అది నేను కల్పించిందే. అంత పెద్ద గీతలో ఒక్క మనిషి ఎక్కడ కనబడుతుంది? పరీక్షకు వెళ్తానన్న ఆ రోజు నుంచీ ఆమె ఫోనెత్తడం లేదు. అందుకని ఆమెను ఆ గీతలో వెతుక్కున్నాను.