ఊకె కూసుంటే చాలు, గుర్రమే పోతది

జూలూరుపాడులో ఆ ఎండాకాలం వెంకటనారాయణ కూతురు నిర్మల పెండ్లి. మగపెండ్లివాళ్లకు భద్రయ్య ఇల్లు విడిదిగా ఇచ్చారు. పెండ్లికొడుకు రామ్‌చందర్‌ను ఊరేగించడానికి ఖమ్మం నుంచి తెల్ల గుర్రం వచ్చింది గానీ, దాన్ని నడిపించుకొచ్చిన మనిషికి వడదెబ్బ తగిలింది. మధ్యాహ్నానికి ఆయన దవాఖానాలో సెలైన్ ఎక్కించుకుంటున్నాడు. గుర్రం ఒక్కటే విడిది ముందర గుంజకు కట్టేసి ఉంది. ఊరి కుక్క దగ్గరికి వస్తే చాలు, చెవులు వెనక్కి వాల్చి నేలను తంతోంది.

పొద్దు వాలుతుంటే ఎదుర్కోలు మాట్లాడటానికి వెంకటనారాయణ వచ్చాడు. వెంట ఆయన చెల్లెలు చిన్నక్క. పాల క్యాన్ దించడానికి వచ్చిన తండా హరిలాల్ కూడా అరుగు చివర కూలబడ్డాడు. చిన్నక్క గుర్రాన్ని ఒకసారి, పాగా చుట్టుకుని గడపలో కూర్చున్న రామ్‌చందర్‌ను ఒకసారి చూసింది.

"గుర్రపాయన లేకుంట పిలగాన్ని ఎట్ల ఎక్కిస్తరు?" అని అడిగింది.

జవాబు పెండ్లికొడుకు మేనమామ చెంచురామయ్య దగ్గర తయారుగా ఉంది. చర్ల దిక్కు తునికాకు గోదాములో గుమాస్తా ఆయన. మాట్లాడటానికి జనం దొరికితే అన్నం కూడా మరిచిపోయే మనిషి.

"గుర్రపాయన ఎందుకు చెల్లె? సైకిలంటే తొక్కాలె. బండంటే తోలాలె. ఈతంటే చేతులాడియ్యాలె. గుర్రానికేమున్నది? ఎక్కినమా, కూసున్నమా, అంతే! కాళ్లు దానియి, ఊపిరి దానిది, తొవ్వ దానికే ఎరుక. మనం ఊకె కూసుంటే చాలు, గుర్రమే పోతది. ఇగో, ఈ అరుగు మీద కూసున్నట్టే."

"అరుగు ఉరకది గదన్నా," అన్నది చిన్నక్క.

"ఉరికితే ఏమైతది?"

"మా ఆడబిడ్డ ఊర్ల పోయినేడు బ్యాండు సప్పుడుకు గుర్రం బెదిరింది. పెండ్లికొడుకు కిందవడి కుడిచెయ్యి ఇరగ్గొట్టుకున్నడు. ఎడమచేత్తోటి పుస్తె కట్టిండు. ఆ పిల్ల ఇప్పటికీ ఆ మాట తల్సుకుని ఏడుస్తది."

రామ్‌చందర్ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు. చెంచురామయ్య అది చూడలేదు.

"వాడు గట్టిగ పట్టుకున్నడు, గందుకే పడ్డడు! పట్టుకుంటే గుర్రానికి కోపమొస్తది. నా మీద నమ్మకం లేదా అనుకుంటది. ఇను చెల్లె, నా సంగతి చెప్త. అప్పటిదాక నేను గాడిద గూడ ఎక్కినోణ్ని గాదు. వానకాలం, ముసురు పట్టింది. మా గోదాము కాడ కూలి చేసే పగిడయ్య ఉరుక్కుంట వచ్చిండు. పోడుల కలుపు తీస్తుంటే వాని పెండ్లాం రామక్కకు పాము కరిసింది. బస్సులు బందు. రోడ్డు మీద మోకాలి బురద. డాక్టరేమో భద్రాచలంల. ఊర్ల మొగోళ్లందరు ఒకల మొఖం ఒకలు చూస్తున్నరు. మా కంట్రాక్టరుకు ఒక ఎర్రగుర్రం ఉండె. నేను ఏం మాట్లాడలే. పోయిన, ఎక్కిన, కూసున్న. 'పద' అన్న. పోయింది."

"ఎటు దిక్కుకు పోవాలెనో ఎవలు చెప్పిన్రు దానికి?" వెంకటనారాయణ మెల్లగా అడిగాడు.

"నేను మనసుల అనుకున్న తమ్మీ. జంతువుకు తెలుస్తది."

హరిలాల్ గడ్డం గోక్కున్నాడు. "సరే పటేలా. గుర్రం పోయింది. గంతవరకు నమ్ముత."

"గంతవరకేంది, అసలు ముచ్చట ముందున్నది. తాలిపేరు వాగు కాడికి వచ్చినం. నిండుగ పారుతున్నది. మానులకు మానులే కొట్టుకపోతున్నయ్. గుర్రం ఒడ్డు మీద నిలవడి మెడ తిప్పి నన్ను చూసింది. 'నీ ఇష్టం' అన్న. వెన్కకు నాలుగడుగులేసి ఎగిరింది చూడు! ఈ ఒడ్డు మీదికెళ్లి ఆ ఒడ్డుకు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడుమ గాలిల ఉండంగ నాకు బీడీ తాగబుద్ధయింది. తీసిన, ముట్టిచ్చిన, సగం తాగిన. అప్పుడు దిగింది గుర్రం కిందికి."

"ముసురు పట్టిందంటివి. గంత వానల బీడీ ఎట్ల అంటుకున్నది?" అన్నాడు హరిలాల్.

"వాన మా కిందవడుతున్నది. మేం దానిమీద ఉంటిమి."

హరిలాల్ చిన్నక్క వైపు చూశాడు. చిన్నక్క చెంచురామయ్య కాళ్ల వైపు చూస్తోంది. పొట్టి కాళ్లు. అరుగు మీది నుంచి నేలకు అందక ఊగుతున్నాయి.

"ఎగిరేటప్పుడు నువ్వు దేన్ని పట్టుకున్నవన్నా?"

"బీడీని పట్టుకున్న. ఇంకొక చేతిల అగ్గిపెట్టె. గుర్రాన్ని పట్టుకోనీకి మూడో చెయ్యి ఎక్కడిది చెల్లె? గదే నేను చెప్పేది! ఏం పట్టుకునేది లేదు. నడుం ఇట్ల నిటారుగ పెట్టాల్నా, వంచాల్నా, కాళ్లు దగ్గరికి నొక్కాల్నా, ఇయ్యన్ని గుర్రాలు కిరాయికిచ్చెటోళ్లు పుట్టిచ్చిన మాటలు. ఇగ అవతల అడవి. అడవిల పులి."

"వస్తదనుకున్న," అని హరిలాల్ నిట్టూర్చాడు.

"తొవ్వకడ్డంగ నిలవడ్డది. నేను కదల్లే. గుర్రం ఆగలే. దాని మీదికెళ్లే దుంకింది. పులికి పౌరుషమొచ్చి మా పక్కపొంటి ఉరికింది. ఉరికింది, ఉరికింది, పాపం దానికి ఆయాసమొచ్చింది. నాలుక బయటేసింది. ఆఖరికి గుర్రం తోకను నోట పట్టుకున్నది. కరవనీకి గాదు, ఆసరాకు! నేను వెన్కకు మర్లి, 'మెల్లగ, మెల్లగ' అన్న దాంతోటి. అట్ల గుంజుకుంట గుంజుకుంట దుమ్ముగూడెం దాక వచ్చినం. ఇండ్లు కనవడంగనే సిగ్గువడి ఇడిచిపెట్టింది."

"పులి సిగ్గువడ్డదా?" అన్నాడు వెంకటనారాయణ.

"మరి! గుర్రం తోక పట్టుకుని పోతుంటే ఊరోళ్లు చూసి ఏమనుకుంటరు?"

గడపలో రామ్‌చందర్‌కు నవ్వొచ్చింది. అంతలో గుంజ దగ్గర గుర్రం తల విదిలించింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. చిన్నక్క ఇవన్నీ గమనిస్తూనే ఉంది.

"దుమ్ముగూడెంల చాయ్ తాగుదమని ఆగినం. గ్లాసు నోటి కాడ పెట్టుకున్ననో లేదో, వెన్కకెళ్లి ఎవడో 'జరుగున్రి, జరుగున్రి' అని ఒర్రుతున్నడు. చూస్తే మనిషి లేడు. ఎవడనుకున్నరు? నేనే! చర్లల బయలెల్లేటప్పుడు నేను పెట్టిన కేక. గుర్రం స్పీడుకు అది వెన్కవడిపోయి, అప్పుడు అందుకున్నది మమ్ముల. చాయ్ హోటలాయన గూడ జరిగి తొవ్వ ఇచ్చిండు దానికి."

"నీ కేకకు గూడ చాయ్ పోయిచ్చినవా?" హరిలాల్ మొహంలో నవ్వు లేదు.

"ఎగతాళొద్దు హరిలాల్. ఆడ ఒక ఆడమనిషికి పాణం మీదికొచ్చి ఉన్నది."

ఆ ఒక్క మాట ఆయన వేరే గొంతుతో అన్నాడు. వెంటనే మళ్లీ పాత గొంతు అందుకున్నాడు.

"భద్రాచలం చేరినం. డాక్టరు లేడు! అవతలి ఒడ్డుకు, సారపాకకు పోయిండట. గోదావరి చూస్తే సముద్రం లెక్క ఉన్నది. గుర్రం దిగింది నీళ్లల్లకు."

"పటేలా, ఆడ బ్రిడ్జి ఉన్నది గద?"

"ఉన్నది. గుర్రానికి బ్రిడ్జి పడది."

"ఎందుకు పడది?"

"దాని సంగతి నాకేం ఎరుక? నేను కూసున్నోణ్ని. అది ఈదుతున్నది, నేను కూసున్న. సల్లటి గాలి, అలల ఊపు. నాకు నిద్ర పట్టింది. నేను పక్కకు ఒరిగితే అదే నన్ను మెడ మీదికి జరుపుకున్నది, తల్లి పిల్లను సంకనేసుకున్నట్టు. మొసలి వస్తే మూతి మీద తన్నింది. నా ధోతి అంచు తడవలే."

"అన్నా, నిద్రపోయినోనికి ఇయ్యన్ని ఎట్ల తెలిసినయ్?" వెంకటనారాయణ గొంతులో విసుగు తొంగిచూసింది.

"లేసినంక గుర్రం మొఖం చూస్తే తెల్వదా తమ్మీ? ఇగ అసలు సంగతి ఇనున్రి. డాక్టరున్న ఇంటి ముందల ఆగింది. నేనింకా ఆవులిస్తనే ఉన్న. గుర్రమే ముంగాలితోటి తలుపు కొట్టింది. డాక్టరు తలుపు తీసిండు. గుర్రాన్ని చూసి బీరిపోయిండు. గుర్రం ఏం చేసింది? మెడ పైకెత్తి, ఇట్ల పడగలెక్క ఆడిచ్చి, బుస్సుమన్నది. వెన్కకు తిరిగి తన కాలి మడమ చూపిచ్చింది. డాక్టరు సదువుకున్నోడు గద, గప్పుడే అర్థం చేసుకున్నడు. 'నాగుబామే గదా, మడమ మీదనే గదా' అన్నడు. గుర్రం తలూపింది. ఆయన మందుల పెట్టె సంకన పెట్టుకుని నా వెనక ఎక్కిండు. నేను నోరు తెరిసి ఒక్క మాట మాట్లాడలే చెల్లె, నీ మీదొట్టు. చెయ్యి కదపలే, కాలు కదపలే. గిప్పుడు చెప్పున్రి, గసొంటి ముచ్చట అయినంక, ఊరి నడుమ నాలుగిండ్ల దూరం పోవడానికి మా రామ్‌చందర్‌కు గుర్రపాయన కావాల్నా?"

చెంచురామయ్య మీసం దువ్వుకుని అందరి మొహాలూ చూశాడు. హరిలాల్ నేలను చూస్తున్నాడు. వెంకటనారాయణకు మగపెండ్లివాళ్ల మాట కాదనడమెట్లాగో తోచడం లేదు. చిన్నక్క లేచి నిలబడి చెంగు దులుపుకుంది.

"అన్నా, ఇంతసేపు చెప్పినవ్. నేను మంచిగ ఇన్న. అండ్ల ఒక్క మాట నమ్మిన."

చెంచురామయ్య మొహం విప్పారింది. "ఏ మాట చెల్లె?"

"నువ్వు ఏం చెయ్యలేదన్న మాట."

హరిలాల్ నోటి నుంచి 'ఫక్'మని శబ్దం వచ్చింది. లోపల ఆడవాళ్లు కూడా విన్నట్టున్నారు, గాజుల చప్పుడుతో పాటు నవ్వు బయటికి వచ్చింది. రామ్‌చందర్ పాగా కళ్ల మీదికి జారిపోయింది. చెంచురామయ్య ఏదో అనబోయాడు.

"ఆగన్నా, నేను ఎక్కిరిస్తలేను," అన్నది చిన్నక్క. "వాగు దుంకింది గుర్రం. పులిని గుంజింది గుర్రం. గోదారి ఈదింది గుర్రం. డాక్టరుతోటి మాట్లాడింది గుర్రం. గుర్రం మీద కూసునుడు పనే గాదంటివి. గట్లయితే నువ్వు చేసిన గొప్ప పని ఏంది? లేదు, నేనే చేసిన అంటవా, అప్పుడు గుర్రం తోలుడు పెద్ద పనే అయితది. పెద్ద పనైతే నేర్వని పిలగాన్ని ఎట్ల ఎక్కిస్తవ్? రెండిట్ల ఏది నిజమో నువ్వే చెప్పు."

ఊగుతున్న చెంచురామయ్య కాళ్లు ఆగాయి. ఆయన గుర్రం వైపు చూశాడు.

రామ్‌చందరే గడప దిగి ముందుకు వచ్చాడు. "అత్తమ్మా," అన్నాడు చిన్నక్కతో, "నాకు పొద్దుగాల్నుంచి ఆ గుర్రాన్ని చూస్తేనే భయమైతున్నది. మా మేనమామకు చెప్తే చిన్నబుచ్చుకుంటడని ఊకున్న. నేను నడిసొస్త."

"పెండ్లికొడుకు నడిసొస్తే మీవాళ్లకు నామోషీ గాదా బిడ్డా?" అన్నాడు వెంకటనారాయణ.

"కిందవడితే నామోషీ గాని, నడిస్తే ఏంది మామా?"

వెంకటనారాయణ అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ మాట అక్కడితో తేలిపోయింది.

చీకటి పడకముందే బ్యాండు కదిలింది. రామ్‌చందర్ నడుమ నడుస్తున్నాడు. మేనమామ లేనిదే కదలనని అతనే చెంచురామయ్యను చెయ్యి పట్టి లేపుకొచ్చాడు గానీ, ఆయన కొంతదూరం వచ్చి వెనకబడ్డాడు. ముందు ఎవరెవరో ఎగురుతున్నారు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని తన కాళ్లనే చూసుకుంటూ నడుస్తున్నాడు. చిన్నక్క అడుగు తగ్గించి ఆయన పక్కకు వచ్చింది. నలుగురిలో మగపెండ్లివారి మనిషిని చిన్నబుచ్చానేమోనని ఆమెకు మనసులో పీకుతూనే ఉంది. అంతకంటే ఎక్కువగా ఇంకోటి పీకుతోంది.

"అన్నా, ఆ రామక్క ఏమైంది?"

"ఏ రామక్క?"

"పాము కరిసినామె. ఆమె సంగతి చెప్పనే లేదు నువ్వు. ఆమె గూడ ఉత్తదేనా?"

"ఉత్తదేంది? ఉన్నది. బతికింది." చెంచురామయ్య గొంతు తగ్గించాడు. "ఇప్పుడు మనుమరాలు గూడ ఉన్నది ఆమెకు. నేను పోతే ఇప్పపూలు ఏంచి పెడ్తది."

"డాక్టరు వచ్చిండా మరి?"

"గంత వానల ఎవడొస్తడు చెల్లె? మేమే తీస్కపోయినం. నులకమంచం మీద పండవెట్టి, నాలుగు మూలలకు నలుగురం. పగిడయ్య, వాని అన్నదమ్ముల వరుసోళ్లు ఇద్దరు, నేను. బురదల కాళ్లు దిగవడుతుంటే, ఆమె నిద్రపోకుంట నేను తొవ్వ పొడుగూత మాట్లాడుకుంటనే ఉన్న. నోటికేదొస్తే గది. పులి అన్న, గుర్రమన్న. నవ్వింది ఒకపారి. నవ్విందంటే ఇంకా ఉన్నదని, మళ్ల భుజం మార్చుకుని నడిసినం."

బ్యాండువాళ్లు మలుపు తిరిగారు. చిన్నక్క కొంగుతో మొహం తుడుచుకుంది.

"గీ ముచ్చట చెప్పకపోయినవా అన్నా, ఇంతసేపు ఆ ఎర్రగుర్రం గోలేంది?"

చెంచురామయ్య ఆమె వైపు నిజంగానే ఆశ్చర్యంగా చూశాడు.

"నలుగురు మంచం మోసిన్రంటే ఎవలింటరు చెల్లె?"