పాత చక్రాల జాడ

అమెరికాలో నవాహో తెగవాళ్ళ ఇసకరాయి గుట్టల కింద, తల్లి నుంచి అక్కకి వచ్చిన మేత భూమిలో తమ్ముడు పార పట్టుకుని నిలబడ్డాడు. అతని ముప్పై గొర్రెలు రోడ్డు మీద ట్రక్కులో అరుస్తున్నాయి.

“తవ్వు.”

“తవ్వడానికేముందక్కా? జానెడు దిగిందో లేదో, పార రాయికి తగిలింది.”

“రాయి అరిగీ అరిగీ ఆ జానెడు మట్టయింది. దాని మీద ముప్పై గొర్రెల్ని ఎట్లా తోలమంటావ్?”

“అమ్మ నా బొడ్డుతాడు ఈ దొడ్డిలోనే పాతింది. నాకు మాత్రం హక్కు లేదా?”

“పాతింది. లోతు చాలక పైన రాయి కూడా పెట్టింది. అదిగో, మట్టి ఎగిరిపోకుండా పైన కట్టిన నల్లపెచ్చు చీల్చుకుంటూ రెండు గీతలున్నాయి, చూడు.”

“చక్రాల జాడలు. ఎవడో బుద్ధిలేనోడు తోలినట్టున్నాడు.”

“నువ్వేరా. అమ్మతో పోట్లాడి ట్రక్కెక్కి పోయిన రోజువి. ఇరవై ఆరేళ్ళయింది, అక్కడ ఇంకా గడ్డి మొలవలేదు.”

తమ్ముడు పార కింద పెట్టాడు.

“వెనక్కి పొమ్మంటే ఎక్కడికి పోను? నా పెళ్ళాం నా గుర్రపు జీను తెచ్చి గుమ్మం బయట పెట్టేసింది. ఇక కాపురం లేదు.”

“ఎప్పుడు?”

“మొన్న.”

“ఆ మాట ముందు చెప్పక హక్కంటావేం? పన్నెండు దింపు. మిగతావి చిన్నమ్మ మందలో కలుపు.”

“ఏ దారిన తోలుకు రానక్కా?”

“ఆ గీతల్లోంచే తోలుకురా. కొత్త చోట అడుగు పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతా.”