పద్మనాభయ్య గారు కాల్చలేకపోయిన పుస్తకం

1957వ సంవత్సరం జూన్ 3వ తేదీ సోమవారం ఉదయం శ్రీ పద్మనాభయ్య గారు గ్రంథాలయోద్యోగంలో ప్రవేశించారు. అప్పటికి వారి వయస్సు నలభై నాలుగు. అంతకుముందు పదిహేనేళ్ళు కోవూరులో ఒక బియ్యం మిల్లు గుమస్తాగా ఉంటూ, సొంత పుస్తకాలతో తమ ఇంటి ముందుగదిలో పఠనాలయం నడిపారు. ప్రభుత్వం ఆ పఠనాలయాన్ని స్వీకరించినప్పుడు నిర్వాహకుణ్ణి కూడా స్వీకరించి, చిట్టమూరుకు తూర్పున పులికాట్ సరస్సు ఒడ్డునున్న ఒక పల్లెలో కొత్తగా తెరిచిన శాఖకు గ్రంథపాలకులుగా పంపింది.

ఆ శాఖ రెండు బీరువాలు, ఒక బల్ల ఉన్న పెంకుటిల్లు. ఉప్పుగాలికి అట్టలు ఉబ్బిపోయేవి. పద్మనాభయ్య గారు ప్రతి పుస్తకాన్నీ చదివిన తర్వాతనే బీరువాలో పెట్టేవారు. పత్రికలలోని గ్రంథ సమీక్షలు, విజయవాడ ప్రచురణకర్తల ప్రకటనలు శ్రద్ధగా చూసి, ఏ నవల అచ్చులో ఉన్నది, కాగితం కొరత వల్ల ఏ పుస్తకం ఆగిపోయినది మొదలైన విశేషాలను గుమ్మం పక్కన నల్లబల్లమీద సుద్దముక్కతో రాసేవారు. చేపల గంప నెత్తిన పెట్టుకుని పోతూ ఆ రాతను కూడబలుక్కుని చదివేవారిలో చిన్నపోలయ్య కూతురు మాలకొండమ్మ ఒకతె. వయోజన పాఠశాలలో అక్షరాలు నేర్చిన ఆ యువతి, తప్పిపోయిన అన్నను వెదుకుతూ ఊళ్ళు తిరిగే ఒక చెల్లెలి కథ మొదటి భాగాన్ని నాలుగు నెలలపాటు చదివి, రెండవ భాగం ఎప్పుడొస్తుందని ఏడాదిగా అడుగుతూ వచ్చింది.

1963 ఫిబ్రవరిలో రెండవ భాగం బస్సులో వచ్చింది. అదే వారంలో పల్లెలోకి మశూచి ప్రవేశించింది. వ్యాధి సోకిన ఇళ్ళకు పుస్తకాలు ఇవ్వరాదనీ, ఆ ఇళ్ళనుండి తిరిగివచ్చినవాటిని కాల్చివేయాలనీ ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు ఉత్తర్వు తెచ్చి ఇచ్చి వెళ్ళారు. మరునాడు చిన్నపోలయ్య వచ్చి, గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు.

"అయ్యా, బిడ్డకి అమ్మోరు పోసింది. కండ్లు తెరవలేకుండా ఉండాది. ఆ పుస్తకం వచ్చినాదా అని అడగతా ఉండాది."

పద్మనాభయ్య గారికి బాల్యంలోనే మశూచి సోకి తగ్గింది. తమకు మళ్ళీ రాదని వారికి తెలుసు. పుస్తకం చంకన పెట్టుకుని ఆ తాటాకు ఇంటికి వెళ్ళి, వాకిట పీటమీద కూర్చుని, తడిక అవతలనున్న మాలకొండమ్మకు మూడు రోజులు వరుసగా చదివి వినిపించారు. మూడవ నాటి సాయంత్రం ఆమె, "ఒకతూరి నా చేతికియ్యి అయ్యా," అన్నది. ఉత్తర్వు గుర్తుండి కూడా వారు లోపలికి వెళ్ళి ఇచ్చారు. ఆమె అట్టను వేళ్ళతో తడిమి, గుండెలమీద పెట్టుకుని, చాలాసేపటికి తిరిగి ఇచ్చింది. తెల్లవారేసరికి ఆమె చనిపోయింది. కథలో ఇంకా నలభై పేజీలు మిగిలి ఉన్నాయి.

ఆ పుస్తకాన్ని ఆనాడే కాల్చవలసింది. పద్మనాభయ్య గారు అగ్గిపెట్టె తీసుకుని పెరట్లోకి వెళ్ళి, ఊరికే తిరిగివచ్చారు. ఎండలో ఆరబెట్టి, పేజీల మధ్య వేపాకు ఉంచి, గుడ్డలో చుట్టి ఇంటికి తీసుకువెళ్ళి పెట్టెమీద పెట్టారు. అది ఎక్కడినుండి వచ్చినదీ ధర్మపత్ని ప్రమీలమ్మ గారికి చెప్పలేదు. ఆమె కూడా మంచి చదువరి. భర్త శాఖకు వెళ్ళిన మధ్యాహ్నాలలో ఆ నవలను సగం చదివారు. టీకాలవాళ్ళు వచ్చిన రోజున పుట్టింట ఉన్నందున ఆమెకు మళ్ళీ టీకా వేయలేదు. పన్నెండవ నాడు జ్వరం వచ్చింది. ప్రాణం దక్కింది గాని రెండు కళ్ళూ పోయాయి.

వ్యాధి పుస్తకం వల్ల వచ్చిందో, భర్త బట్టల వల్ల వచ్చిందో చెప్పలేమని వైద్యులు అన్నారు. పద్మనాభయ్య గారు ఆ సందేహంలో తలదాచుకోలేదు. పుస్తకాన్ని కాల్చి, జరిగినదంతా తామే రాసి పై అధికారులకు పంపారు. ప్రమీలమ్మ గారు ఒక్కటే అడిగారు:

"తెలిసీ ఇంటికి తెచ్చినారా?"

"తెచ్చినాను."

ఆ తర్వాత రెండు నెలలు ఆమె భర్తతో మాట్లాడలేదు. ఒక ఉదయం మాత్రం, "ఏదో ఒకటి చదవండి. ఊరికే కూర్చుంటే పొద్దు పోవడం లేదు," అన్నారు. ఆమె క్షమించినదీ లేనిదీ పద్మనాభయ్య గారు ఇంతవరకు అడగలేదు. చదవడం మాత్రం ఏనాడూ మానలేదు.

అధికారులు వారిని సంగం శాఖకు బదిలీ చేసి, పదోన్నతి నిలిపివేశారు. అక్కడ ఐదేళ్ళు పనిచేసి, ఒక్క రోజు కూడా ఆలస్యంగా రాకుండా, ఎవరినీ పల్లెత్తు మాట అనకుండా, ఈ 1968 జులై నెలాఖరున ఉద్యోగ విరమణ చేస్తున్నారు. కొత్త పుస్తకాల వార్తలు ఇప్పటికీ బల్లమీద రాస్తున్నారు. అయితే ముందుగా ఇంట్లో చదివి వినిపించిన తర్వాతనే.

ఈ వీడ్కోలు సంచికకు తమ గురించి వ్యాసం సిద్ధమవుతున్నదని తెలిసి వారు తోటి ఉద్యోగులతో అన్న మాట ఇది: "మంచి మాత్రమే రాసేదానికైతే నాకొద్దు. ఆ పిల్ల సంగతీ, ప్రమీల సంగతీ రాయండి. చదివితే ఆమె కూడా వింటుంది." అందుకే ఉన్నది ఉన్నట్లు ఇక్కడ రాయబడింది.

శుభాకాంక్షలు ఏ మాటలలో చెప్పాలని ప్రమీలమ్మ గారినే అడగగా, ఆమె చెప్పారు: "ముత్తైదువగా ముందు పోవాలని అందరూ కోరుకుంటారు. నా కోరిక దానికోసం కాదు. నా తర్వాత ఒక్కరోజైనా ఆయన బతకాలని రాయండి. నాకు చదివి పెట్టేవాళ్ళు ఇంకెవరున్నారు?"

సహోద్యోగులందరి ప్రార్థన కూడా అదే. పద్మనాభయ్య గారికి ఆరోగ్యం, మసకబారని చూపు, బొంగురుపోని కంఠం చిరకాలం నిలవాలి; ప్రమీలమ్మ గారు ఇంకా ఎన్నో ఏళ్ళు వినాలి.